ఒప్పందంలో పేరులేని ప్రాంతం: ఆంధ్రరాష్ట్రం (1953–56), వెస్టిండీస్ సమాఖ్య (1958–62) – తులనాత్మక విమర్శ

వ్యాస సంగ్రహం:

1953 అక్టోబర్ 1న ఏర్పడిన ఆంధ్రరాష్ట్రం మూడేళ్ల ఒక నెల పాటు నిలిచింది. 1958 జనవరి 3న ఏర్పడిన వెస్టిండీస్ సమాఖ్య నాలుగేళ్ల అయిదు నెలలు కూడా నిండకుండానే రద్దయింది. చరిత్ర రచనలో మొదటిది విశాలాంధ్రకు మెట్టుగా, రెండోది విఫల ప్రయోగంగా స్థిరపడిపోయాయి. ఈ రెండు అల్పాయుష్షు కూటములనూ వాటి ముగింపును బట్టి కాక, వాటి పునాదిలో ఉన్న ఒప్పందాలను బట్టి చదవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇద్దరు బలవంతుల మధ్య కుదిరిన ఒప్పందంలో మూడో పక్షానికి ఏమి దక్కుతుందన్నది ఇక్కడి ప్రధాన ప్రశ్న. కరీబియన్ చిన్న దీవులను, విజయనగరం కేంద్రంగా ఉన్న ఉత్తరాంధ్రను పక్కపక్కన ఉంచి ఆ ప్రశ్నను పరిశీలించడం జరిగింది.

కీలక పదాలు: ఆంధ్రరాష్ట్రం, శ్రీబాగ్ ఒప్పందం, వెస్టిండీస్ సమాఖ్య, ఉత్తరాంధ్ర, విజయనగరం, ప్రాంతీయ ప్రాతినిధ్యం.

1. ఉపోద్ఘాతం

కొద్దికాలమే నిలిచిన రాజకీయ కూటములకు చరిత్ర గ్రంథాలలో సాధారణంగా ఒక అధ్యాయం కూడా దక్కదు. తరువాత వచ్చిన దానికి పీఠికగానో, రాకుండా పోయిన దానికి సంతాపంగానో వాటిని ప్రస్తావించి వదిలేస్తారు. ఆంధ్రరాష్ట్ర చరిత్రకు పట్టిన గతి ఇదే. పొట్టి శ్రీరాములు 58 రోజుల నిరాహారదీక్ష, 1952 డిసెంబర్ 15న ఆయన మరణం, కర్నూలు గుడారాలలో ప్రభుత్వ కార్యాలయాలు, ఆపైన 1956 నవంబర్ 1 – ఈ క్రమంలో మధ్య ఉన్న మూడేళ్లు దారిలో వచ్చిన ఒక మజిలీగా మాత్రమే కనిపిస్తాయి.

ఈ పఠనంలో ఒక చిక్కు ఉంది. గమ్యం ముందే తెలిసిన ప్రయాణంగా చరిత్రను చెప్పినప్పుడు, ఆ ప్రయాణంలో ఎవరిని ఏ పేరుతో లెక్కించారన్న ప్రశ్న వెనకబడుతుంది. ఆంధ్రరాష్ట్ర నిర్మాణాన్ని సర్కారు జిల్లాలు, రాయలసీమ అనే రెండు పక్షాల మధ్య సయోధ్యగా వర్ణించడం పరిపాటి. ఆ ‘సర్కారు’ అన్న ఒక్క మాట కింద ఇచ్ఛాపురం నుంచి నెల్లూరు దాకా ఉన్న తీరమంతా ఒకే ప్రయోజనం కలిగినదిగా మారిపోయింది. కృష్ణా, గోదావరి డెల్టాల కాలువల వ్యవసాయానికీ, విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి జమీందారీల కింద నలిగిన వర్షాధార సేద్యానికీ ఉన్న తేడా ఆ మాటలో వినిపించదు.

ఈ తేడాను చూడటానికి బయటి అద్దం ఒకటి కావాలి. అదే దశాబ్దంలో, బ్రిటిష్ పాలన నుంచి బయటపడే క్రమంలోనే, మరో చోట చిన్న పెద్ద భూభాగాలు కలిసి బతకడానికి చేసిన ప్రయత్నం అటువంటి అద్దం కాగలదు.

2. వెస్టిండీస్ సమాఖ్య: పది భూభాగాలు, రెండు బలాలు

1947 సెప్టెంబర్‌లో జమైకాలోని మాంటెగో బే సమావేశం సమాఖ్య ఆలోచనకు రూపం ఇచ్చింది. పదేళ్లకు పైగా గడిచాక జమైకా, ట్రినిడాడ్–టొబాగో, బార్బడోస్, ఆంటిగ్వా, సెయింట్ కిట్స్–నెవిస్–అంగ్విల్లా, మాంట్‌సెరాట్, డొమినికా, సెయింట్ లూసియా, సెయింట్ విన్సెంట్, గ్రెనడా అనే పది భూభాగాలు సమాఖ్యగా ఏర్పడ్డాయి. 1958 మార్చి 25న ఎన్నికలు జరిగాయి. ఏప్రిల్ 22న పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో సమాఖ్య పార్లమెంటు ప్రారంభమైంది. బార్బడోస్ నాయకుడు గ్రాంట్లీ ఆడమ్స్ ప్రధానమంత్రి అయ్యాడు.

ఈ కూటమి బలహీనతలు మొదటి రోజు నుంచీ బయటపడ్డాయి. తొలి అయిదేళ్లు ఆదాయపు పన్ను వేసే అధికారం సమాఖ్యకు లేదు. సభ్య భూభాగాలు చెల్లించే వాటాల మీద అది నడవాలి. సుంకాల ఐక్యత ఏర్పడలేదు. జమైకా నుంచి ట్రినిడాడ్‌కు వెయ్యి మైళ్లకు పైగా సముద్రం. అంతకన్నా ముఖ్యంగా, ఇద్దరు అగ్రనాయకులు, జమైకాలో నార్మన్ మాన్లే, ట్రినిడాడ్‌లో ఎరిక్ విలియమ్స్, సమాఖ్య పార్లమెంటుకు పోటీ చేయకుండా తమ దీవుల అధికారంలోనే ఉండిపోయారు. అధికారం ఎక్కడ ఉందో వారికి తెలుసు.

రాజధాని తగవు మరో ఉదాహరణ. భారతదేశంలో ఐ.సి.ఎస్. అధికారిగా పనిచేసి, దేశవిభజన తరువాత పశ్చిమ పంజాబ్ గవర్నర్‌గా ఉన్న ఫ్రాన్సిస్ మ్యూడీ నాయకత్వంలోని సంఘం రాజధానికి బార్బడోస్‌ను మొదటి స్థానంలో, ట్రినిడాడ్‌ను చివరి స్థానంలో సూచించింది. నాయకులు ట్రినిడాడ్‌నే ఎంచుకున్నారు. అక్కడ కోరుకున్న చాగ్వారామస్ ప్రదేశం 1941 ఒప్పందం ప్రకారం అమెరికా నౌకాదళ స్థావరంగా ఉంది. సమాఖ్య ఉన్నంతకాలం దానికి స్వంత రాజధాని కట్టడం సాధ్యం కాలేదు.

1961 సెప్టెంబర్ 19న జమైకా ప్రజాభిప్రాయ సేకరణలో సుమారు 54 శాతం మంది సమాఖ్యకు వ్యతిరేకంగా ఓటు వేశారు. పదిలో ఒకటి తీసేస్తే మిగిలేది సున్నా అన్న విలియమ్స్ లెక్క ప్రసిద్ధమైంది. ఆ లెక్క ప్రకారం ట్రినిడాడ్ కూడా వైదొలగింది. 1962 మే 31న సమాఖ్య రద్దయింది. ఆగస్టులో జమైకా, ట్రినిడాడ్ వేర్వేరుగా స్వతంత్రమయ్యాయి.

విలియమ్స్ లెక్కలో సున్నాగా తేలినవి నిజానికి ఎనిమిది భూభాగాలు. విమర్శకు అసలు విషయం ఇక్కడే ఉంది.

3. సున్నాగా తేలినవారు

45 స్థానాల సమాఖ్య ప్రతినిధుల సభలో జమైకాకు 17, ట్రినిడాడ్‌కు 10, బార్బడోస్‌కు 5, మిగిలిన దీవులకు రెండేసి, మాంట్‌సెరాట్‌కు 1 స్థానం దక్కాయి. సమాఖ్య జనాభాలో సగానికి పైగా ఉన్న జమైకాకు సభలో సగం స్థానాలు కూడా లేవు. అక్కడి వ్యతిరేకతకు ఇది ఒక కారణం. చిన్న దీవుల వైపు నుంచి చూస్తే మరో సంగతి తెలుస్తుంది. ఎంత చిన్నదైనా మాంట్‌సెరాట్‌కు రాజ్యాంగంలో ఒక పేరు ఉంది, ఆ పేరు వెంట ఒక స్థానం ఉంది. బలం లేకపోయినా లెక్కలో చోటు ఉంది.

ఆ చోటు తరువాత పనికొచ్చింది. సమాఖ్య పోయాక బార్బడోస్‌తో కలిసి ఈ దీవులు మరో చిన్న సమాఖ్య కోసం ప్రయత్నించి విఫలమయ్యాయి. గ్రెనడా ట్రినిడాడ్‌తో ఏకం కావాలని చూసింది, అదీ ఫలించలేదు. సెయింట్ లూసియాలో పుట్టిన ఆర్థికవేత్త ఆర్థర్ లూయిస్ 1965లో ‘ద ఏగొనీ ఆఫ్ ది ఎయిట్’ అన్న చిన్న పుస్తకంలో ఈ ఎనిమిదింటి వేదనను నమోదు చేశాడు. అయినా 1981లో బాస్టెర్ ఒప్పందం ద్వారా తూర్పు కరీబియన్ దీవులు తమదైన సంస్థను నిర్మించుకున్నాయి. అంతకు ముందే, 1973లో, కరీబియన్ సముదాయ ఒప్పందం మీద సంతకాలు జరిగింది ఆ చాగ్వారామస్‌లోనే.

సమాఖ్య చరిత్రకారులు ప్రధానంగా జమైకా–ట్రినిడాడ్ సంబంధాన్నే చూశారు. సమాఖ్య అధికారిగా పనిచేసిన జాన్ మోర్డికై 1968లో రాసిన విస్తృత గ్రంథం చర్చల చరిత్రను చెబుతుంది. దానికి లూయిస్ రాసిన ఉపసంహారం నాయకత్వ లోపాన్ని ఎత్తి చూపింది. నాయకుల తప్పులు నిజమే. అయితే ఎవరి మధ్య బేరం జరిగిందో ఆ చట్రాన్ని అలాగే ఉంచి నాయకులను మాత్రమే తప్పుపట్టడం వల్ల, బేరంలో కూర్చోని వారి చరిత్ర బయటే ఉండిపోతుంది.

4. శ్రీబాగ్: రెండు సంతకాల నడుమ మూడో నేల

1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట కుదిరిన శ్రీబాగ్ ఒప్పందం ఆంధ్రరాష్ట్రానికి నైతిక పునాది. ఆంధ్ర విశ్వవిద్యాలయం వివాదం నాటి నుంచీ రాయలసీమలో పెరిగిన అనుమానాలను తీర్చడం దాని ఉద్దేశం. వాల్తేరుతో పాటు అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, కృష్ణా, తుంగభద్ర, పెన్న జలాల వినియోగంలో రాయలసీమకు ప్రాధాన్యం, రాజధాని, హైకోర్టు వేర్వేరు ప్రాంతాలలో ఉండటం, వాటిలో ఎంపిక హక్కు రాయలసీమకు ఇవ్వడం దాని ముఖ్యాంశాలు. వెనకబడిన పక్షానికి ముందుగా మాట ఇచ్చిన ఈ పత్రం విలువను తక్కువ చేయవలసిన పని లేదు. 1953లో కర్నూలు రాజధాని కావడం, 1954లో గుంటూరులో హైకోర్టు ఏర్పడటం ఆ మాట ఫలితమే.

ఒప్పందాన్ని ఉత్తరం వైపు నుంచి చదివితే రెండు సంగతులు కనిపిస్తాయి. మొదటిది నీరు. కృష్ణా, తుంగభద్ర, పెన్నల పేర్లు ఉన్నాయి. వంశధార, నాగావళి, చంపావతుల పేర్లు లేవు. తగవు లేని చోట ఒప్పందం ఎందుకన్న వాదన రావచ్చు. తగవు లేకపోవడం అంటే అవసరం లేకపోవడం కాదు. అడగవలసిన పక్షం విడిగా బల్ల ముందు లేకపోవడం కూడా కావచ్చు.

రెండోది శాసనసభ. సాధారణ స్థానాలలో జిల్లాలకు సమాన ప్రాతినిధ్యం ఉండాలని ఒప్పందం సూచించింది. పైకి ఇది అందరికీ న్యాయంగా తోచే సూత్రం. 1937 నాటి పటంలో ఇచ్ఛాపురం నుంచి అనకాపల్లి దాకా ఉన్న ఉత్తరమంతా ఒకే ఒక విశాఖపట్నం జిల్లా. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950 ఆగస్టు 15న, విజయనగరం జిల్లా 1979 జూన్ 1న. అంటే జిల్లాల సమానత్వం అన్న సూత్రం ప్రకారం ఉత్తరానికి దక్కేది ఒక జిల్లా వాటా. 1953లో ఈ సూత్రం అమలు కాలేదు. మద్రాసు శాసనసభలోని ఆంధ్ర సభ్యులతోనే కొత్త సభ ఏర్పడింది. అమలు కాకపోయినా, ఆ సూత్రాన్ని రాసినవారి ఊహాపటంలో ఉత్తరం ఎంత చోటు ఆక్రమించిందో అది చెబుతుంది.

మాంట్‌సెరాట్‌తో పోలిక ఇక్కడ అవసరమవుతుంది. చిన్న దీవి చిన్నదైనా విడిగా ఉండటం వల్ల ఒక స్థానం పొందింది. ఉత్తరాంధ్ర పెద్దదైనా కలిసిపోయి ఉండటం వల్ల పేరు పొందలేదు.

5. ఉత్తరాన మరో బేరం: 1936

శ్రీబాగ్ కాలంలో ఉత్తరాంధ్ర విడి పక్షంగా ఎందుకు నిలబడలేదన్న ప్రశ్నకు జవాబు వెతకాలంటే ఏడాది వెనక్కి వెళ్లాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. గంజాం జిల్లాలో అధికభాగం, విశాఖపట్నం ఏజెన్సీలోని జయపురం జమీందారీ అటు వెళ్లాయి. పర్లాకిమిడి జమీందారీ రెండుగా చీలింది. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయగడ, రాయపూర్ వెళ్లే రైలుమార్గం 1931లో పూర్తయింది. 1933లో తెరుచుకున్న విశాఖపట్నం రేవుకు లోతట్టు సరుకు చేరడానికి అదే దారి. రేవు తెరిచిన మూడేళ్లకే ఆ దారి మధ్యలో రాష్ట్ర సరిహద్దు వచ్చింది.

ఆనాటి ఉత్తరాది నాయకుల దృష్టి ఈ సరిహద్దు మీద ఉంది. వ్యావహారిక భాషోద్యమానికి పెద్దదిక్కయిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడి తెలుగు ప్రాంతమని వాదించి, అది ఒరిస్సాలో చేరాక ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయాడు. తెలుగును జనం నోటి మాటకు దగ్గర చేసినవాడికి తన ఊరు తెలుగు నేల కాకుండా పోయింది. ఒకవైపు సరిహద్దు కోల్పోయిన ప్రాంతం, మరుసటి ఏడాదే మరోవైపు ‘సర్కారు’ అన్న పెద్ద గొడుగు కిందికి చేరింది. ఒరియా వాదనకు ఎదురుగా తెలుగు ఐక్యతను చాటుకోవలసిన ప్రాంతం, తెలుగువారి మధ్యనే తన విడి అవసరాలను చెప్పుకోవడం ఎంత కష్టమో ఊహించవచ్చు. ఐక్యత అక్కడ నినాదమే కాదు, సరిహద్దు రక్షణకు ఆయుధం. ఆ ఆయుధానికి చెల్లించిన మూల్యమే స్వంత పేరు.

6. వ్యక్తుల బలం, ప్రాంతపు పేరు

ఆంధ్రరాష్ట్ర రాజకీయాలలో ఉత్తరాంధ్ర నాయకులు బలహీనులు కారు. విశాఖపట్నానికి చెందిన తెన్నేటి విశ్వనాథం ప్రకాశం మంత్రివర్గంలో ఉన్నాడు. ప్రకాశం ఆత్మకథ ‘నా జీవితయాత్ర’ చివరి భాగాన్ని పూర్తి చేసింది కూడా ఆయనే. శ్రీకాకుళం జిల్లా బారువకు చెందిన గౌతు లచ్చన్న గీత కార్మికుల పక్షాన మద్యనిషేధ విధానాన్ని ప్రతిఘటించాడు. 1954 నవంబర్‌లో ఆ సమస్య మీదనే అవిశ్వాస తీర్మానంలో ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. విజయనగరం సంస్థానాధీశుడు పూసపాటి విజయరామ గజపతిరాజు సోషలిస్టుగా ప్రజాజీవితంలో నిలిచాడు.

ప్రభుత్వాన్ని పడగొట్టగల శక్తి ఉన్న ప్రాంతం తనకంటూ ఒక నిబంధన రాయించుకోలేకపోవడం గమనించదగ్గది. గీత కార్మికుల తరఫున, రైతుల తరఫున, సోషలిజం తరఫున మాట్లాడినవారు ఉన్నారు. ఉత్తరాంధ్ర తరఫున అన్న మాటకు మాత్రం రాజ్యాంగపరమైన చిరునామా లేదు. కరీబియన్‌లో దీనికి తలకిందుల స్థితి కనిపిస్తుంది. అక్కడ చిన్న దీవులకు చిరునామా ఉంది, ప్రభుత్వాన్ని కదిలించే శక్తి లేదు.

ఈ పేరులేమి తరువాతి దశలలోనూ కొనసాగింది. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం మళ్లీ రెండు పక్షాల మధ్య జరిగింది, ఈసారి ఆంధ్ర, తెలంగాణ. ఆరు సూత్రాల పథకం తరువాత వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులలో ఉద్యోగాలకు సంబంధించి ఉత్తర జిల్లాలు ఒకటో జోన్ అయ్యాయి. విద్యాసంస్థల ప్రవేశాలలో మాత్రం అవి కృష్ణా, గుంటూరులతో కలిసి ఒకే స్థానిక ప్రాంతంగా ఉన్నాయి. ఒక చోట సంఖ్య దొరికింది, మరో చోట అదీ లేదు. 2014 పునర్విభజన చట్టం రాయలసీమతో పాటు ఉత్తర కోస్తా ఆంధ్రను పేరుపెట్టి వెనకబడిన ప్రాంతంగా ప్రస్తావించి ప్రత్యేక అభివృద్ధి ప్యాకేజీ గురించి చెప్పింది. శ్రీబాగ్‌కూ ఆ చట్టానికీ మధ్య 77 ఏళ్లు.

7. పోలికకు హద్దులు

ఈ పోలికను అతిగా సాగదీయడం సరికాదు. ఆంధ్రరాష్ట్రం సమాఖ్య కాదు, బలమైన కేంద్రం ఉన్న ఒక గణతంత్రంలో రాష్ట్రం. దానికి పన్నులు వేసే అధికారం ఉంది, భాషా ఐక్యత ఉంది, భూభాగంలో సముద్రాల ఎడం లేదు. వెస్టిండీస్ సమాఖ్య పరాయి పాలన నీడలోనే పుట్టి, స్వాతంత్ర్యం రాకముందే పోయింది. ఒకటి విస్తరించి అంతమైంది, మరొకటి విడిపోయి అంతమైంది.

అయినా రెండింటినీ కలిపే దారం ఒకటి ఉంది. ఆ దారం కూడా పేరుకు సంబంధించినదే. పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు రేవు నుంచి ట్రినిడాడ్, బ్రిటిష్ గయానా చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లినవారిలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. అక్కడ వారందరికీ దక్కిన పేరు ‘మద్రాసీ’. ఓడ ఎక్కిన రేవు పేరే భాషకూ ఊరికీ బదులుగా నిలిచింది. 1950లలో సమాఖ్య చర్చ జరిగినప్పుడు ట్రినిడాడ్‌లో మూడోవంతుకు పైగా ఉన్న భారత సంతతివారు పెద్ద కూటమిలో తాము మరింత అల్పసంఖ్యాకులవుతామని భయపడ్డారు. గయానా సమాఖ్యలో చేరనే లేదు. ఆ భయాన్ని కేవలం జాతి సంకుచితత్వంగా కొట్టివేయడం తేలిక. పెద్ద పేరు కింద చిన్న పేరు మాయమైన అనుభవం ఒకసారి ఉన్నవారు రెండోసారి జాగ్రత్తపడటం అసహజం కాదు.

8. ముగింపు

రెండు కూటముల ముగింపులను పోల్చి, ఆంధ్ర గెలిచిందనీ వెస్టిండీస్ ఓడిందనీ తీర్పు చెప్పడం సులభం. 2014 తరువాత ఆ తీర్పు కూడా నిలవదు. ఆయుష్షును కొలబద్దగా తీసుకునే విమర్శ ఇక్కడ అక్కరకు రాదు.

ఒప్పందాన్ని కొలబద్దగా తీసుకుంటే తేలేవి మూడు. ఒకటి, ఇద్దరి మధ్య తగవును తీర్చే ఒప్పందం మూడోవారి అవసరాన్ని తగవు కానిదిగా మార్చేస్తుంది. రెండు, ప్రాతినిధ్య సూత్రం న్యాయమైనదా కాదా అన్నది ఆ సూత్రం లెక్కించే ప్రమాణాన్ని బట్టి ఉంటుంది. జిల్లా ప్రమాణమైనప్పుడు జిల్లాలను ఎవరు గీశారన్నదే అసలు ప్రశ్న. మూడు, సమర్థులైన నాయకులు ఉండటం ప్రాంతానికి రాజ్యాంగపరమైన ఉనికి ఉండటానికి ప్రత్యామ్నాయం కాదు.

తెలుగు ప్రాంతాల చరిత్ర రచన ఇప్పటికీ కోస్తా, రాయలసీమ, తెలంగాణ అనే మూడు గదులలోనే సాగుతోంది. విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికలలో శ్రీబాగ్ ఒప్పందాన్ని రెండు పక్షాల పత్రంగా బోధించే చోట, 1937 నాటి జిల్లాల పటాన్ని దాని పక్కన పెడితే చాలు, మూడో పక్షం విద్యార్థికి కనిపిస్తుంది. 1936 సరిహద్దు చరిత్రనూ శ్రీబాగ్ చరిత్రనూ విడివిడిగా చదివే పద్ధతి మారవలసి ఉంది. విజయనగరం వద్ద ఆ రెండూ ఒకే చరిత్ర. ఈ దిశలో జమీందారీ దస్త్రాలు, నాటి పత్రికలు, శాసనసభ చర్చలు ఆధారంగా జరిగే పరిశోధన ఆంధ్రరాష్ట్రపు మూడేళ్లను మెట్టుగా కాక ఒక కాలంగా నిలబెట్టగలుగుతుంది.